రోజువారీ పనికీ, మొరటు పనికీ కలిపి ఒకే ఖరీదైన మడత చాకు: దేన్ని ఎంచుకోవాలి?

తీగలపని (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నెట్‌వర్క్ కేబుళ్లు వేయడం, పాతవి తీసి కొత్తవి బిగించడం నా వృత్తి. పనిలోకి దిగినప్పటి నుంచి ఇంటికి చేరేదాకా చాకు జేబులోనే ఉంటుంది. అట్టపెట్టెలు, ప్లాస్టిక్ పట్టీలు, నైలాన్ తాళ్లు, కేబుళ్ల పైతొడుగులు రోజూ కోయవలసి వస్తుంది. అప్పుడప్పుడు పీవీసీ గొట్టమో, మందపాటి రబ్బరు హోసో కూడా తగులుతుంది. ఇంతకాలం చవకరకం లైనర్ లాక్ (తెరిచిన బ్లేడు మూతపడకుండా పిడిలోని రేకు ఆపే రకం) చాకులతోనే నెట్టుకొచ్చాను. ఈమధ్య వాటిలో ఒకటి, గొట్టంలో ఇరుక్కున్న బ్లేడును బయటికి లాగుతుండగా లాక్ వదిలేసి మూతపడబోయింది. చేతికి తొడుగు ఉండబట్టి వేలు దక్కింది.

ఇకమీదట ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసే మంచి చాకు ఒక్కటి కొనాలని నిశ్చయించుకున్నాను. క్రిస్ రీవ్ సెబెంజా 31 పెద్దది, హిండరర్ ఎక్స్‌ఎం-18 మూడున్నర అంగుళాలది, స్పైడర్‌కో పారా మిలిటరీ 2, బెంచ్‌మేడ్ ఆడమాస్ ప్రస్తుతం నా దృష్టిలో ఉన్నాయి. ఒక మిత్రుడు మాత్రం కోల్డ్ స్టీల్ రీకన్ 1 కొనుక్కుని మిగిలిన సొమ్ము దాచుకోమంటున్నాడు. సమీక్షలు చదివితే ఒకరు బ్లేడు ఎంత మందంగా ఉంటే అంత మంచిదంటారు, మరొకరు ఉక్కు పేరు చూస్తే చాలంటారు, ఇంకొకరు బేరింగుల మీద బ్లేడు ఎంత నునుపుగా తెరుచుకుంటుందో చెప్పి అక్కడితో ఆగిపోతారు. పనిచేసే మనిషికి వీటిలో నిజంగా అక్కరకొచ్చేది ఏది? లాక్ విషయంలో దేన్ని నమ్మవచ్చు? ధర పెరిగేకొద్దీ దక్కేది పనితనమా, లేక కేవలం నగిషీయా? వాడి చూసినవారు వివరంగా చెబితే సంతోషిస్తాను.

సానరాయి

తీగలపని గారూ, ముందుగా మొరటు పని అనే మాటను రెండుగా విడదీద్దాం. గట్టి వస్తువును కోయడం ఒకటి. చాకును గడ్డపారలా వాడి ఎత్తడం, మెలితిప్పడం, వెన్ను (పదును అంచుకు ఎదురుగా ఉండే మొద్దు వైపు) మీద సుత్తితో కొట్టడం మరొకటి. మీరు రాసిన జాబితాలో రెండో రకం పని ఒక్కటీ లేదు. అలాంటప్పుడు మందపాటి బ్లేడు మీకు మేలు చేయకపోగా ప్రతి కోతలోనూ అడ్డం పడుతుంది.

తయారీదారులు ప్రకటించే కొలతల్లో పొడవు ఉంటుంది, బరువు ఉంటుంది, వెన్ను దగ్గర మందం ఉంటుంది. కోతను నిర్ణయించే కొలత మాత్రం చాలావరకు కనిపించదు. సాన పట్టిన వాలు ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా అక్కడ బ్లేడు మందం ఎంత ఉందన్నదే ఆ కొలత. అది అర మిల్లీమీటరుకు లోపు ఉంటే చాకు అట్టలోకి దానంతట అదే దిగుతున్నట్టు ఉంటుంది. ముప్పావు మిల్లీమీటరు దాటిందంటే ఎంత పదును పెట్టినా చేతి బలం ఉపయోగించక తప్పదు. మీ రబ్బరు హోసునే తీసుకోండి. అంచు దిగిన మొదటి రెండు మూడు మిల్లీమీటర్ల వరకు ఏ చాకైనా బాగానే కోస్తుంది. ఆ తర్వాత కోసిన రెండు ముఖాలూ బ్లేడు చెంపలను పట్టుకుని బిగిస్తాయి. అంచు ఇంకా పదునుగానే ఉన్నా చాకు ముందుకు కదలదు. అప్పుడు మనిషి బలం పెంచుతాడు, మణికట్టు తిప్పుతాడు, ఇరుక్కున్న బ్లేడును వెనక్కి గుంజుతాడు. లాక్ మీద పడకూడని భారం పడేది ఆ క్షణంలోనే. మీకు జరిగినది చదివితే లాక్‌తో పాటు బ్లేడు ఆకారానికీ అందులో వాటా ఉందనిపిస్తోంది.

ఈ లెక్కన మీ జాబితాను చూస్తే, సెబెంజా 31 పెద్దదాని బ్లేడు వెన్ను దగ్గర సుమారు 3.2 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని చెంపలను లోపలికి గుల్లగా అరగదీస్తారు కనుక అంచు సన్నగా ఉండి అట్ట, తాడు, పైతొడుగు వంటి వాటిలో చక్కగా తెగుతుంది. అయితే గుల్ల ముగిసి బ్లేడు ఒక్కసారిగా లావెక్కే చోట మందపాటి వస్తువు తట్టుకుంటుంది. పారా మిలిటరీ 2 వెన్ను అంతకంటే కొంచెం మందం, దాదాపు 3.7 మిల్లీమీటర్లు, కానీ వెన్ను నుంచి అంచు వరకు ఒకే వాలుగా అరగదీసిన బ్లేడు కావడం వల్ల లోతైన కోతలో అదే సాఫీగా సాగుతుంది. ఎక్స్‌ఎం-18 బ్లేడు దరిదాపుగా 4 మిల్లీమీటర్ల పట్టీ. మీరు నిప్పు, శిథిలాలు, తలుపులతో పని ఉన్నవారైతే దాన్ని సమర్థించేవాణ్ణి. దాని రూపకర్త రిక్ హిండరర్ స్వయంగా అగ్నిమాపక దళంలో పనిచేసినవారు, ఆ చాకు స్వభావంలో ఆ వృత్తి కనబడుతుంది. రోజంతా పెట్టెలు విప్పే చేతికి మాత్రం అది బరువే.

సాన కోణం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కోణం ఎక్కువగా ఉంటే పదును ఎక్కువ కాలం నిలుస్తుందని చాలామంది నమ్మకం. రాపిడి వల్ల అంచు అరిగే పనుల్లో వాస్తవం దీనికి తలకిందులుగా ఉంటుంది. ఒకే ఉక్కును ఒక్కో పక్కకు 15 డిగ్రీలకు సాన పడితే, 20 డిగ్రీలకు పట్టినదానికంటే ఎక్కువ దూరం కోస్తుంది, ఎందుకంటే కాస్త అరిగాక కూడా దాని అంచు సన్నగానే మిగులుతుంది. కోణం పెంచితే వచ్చే లాభం వేరు: మేకుకో, రాగి తీగకో తగిలినప్పుడు అంచు పెచ్చులూడకుండా, పక్కకు ఒరగకుండా అది కాపాడుతుంది. మీ పనిలో లోహం తగిలే అవకాశం ఉంది కాబట్టి 17 లేదా 18 డిగ్రీల దగ్గర ఆగడం నాకు సబబుగా తోస్తోంది.

ఇక ఉక్కు. ఉక్కులో మనం చూసేవి ప్రధానంగా నాలుగు: కాఠిన్యం, అరుగుదలను నిలువరించే శక్తి, దెబ్బకు ఓర్చే గుణం, తుప్పు పట్టని గుణం. ఒకదాన్ని పెంచితే మరొకటి తగ్గడం ఉక్కు నైజం. ఎం390, దానికి అచ్చంగా సమానమైన 20సీవీ అనే ఉక్కులు అరుగుదలకు బాగా ఎదురు నిలుస్తాయి, కానీ దెబ్బకు అంత ఓర్చుకోవు. ఆడమాస్‌లో వాడే క్రూవేర్ ఉక్కు అందుకు భిన్నం. దెబ్బకు గట్టిగా ఓర్చుకుంటుంది, అరుగుదలలోనూ తీసిపోదు, అయితే క్రోమియం 7.5 శాతం చుట్టుపక్కలే ఉండటం వల్ల అది తుప్పు పట్టని ఉక్కు కాదు. చెమట తడి అలాగే వదిలేస్తే మచ్చలు తేలుతాయి. 2021లో వచ్చిన మ్యాగ్నాకట్ ఉక్కు ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని చాలావరకు పూడ్చింది. లోహ శాస్త్రవేత్త లారిన్ థామస్ దాన్ని రూపొందించినప్పుడు చేసిన పని చెప్పుకోదగ్గది. సాధారణ స్టెయిన్‌లెస్ ఉక్కులో క్రోమియంలో కొంత భాగం కర్బనంతో కలిసి పెద్ద పెద్ద కార్బైడు రేణువులుగా గడ్డకడుతుంది. ఆ రేణువులు ఉక్కును పెళుసుబారుస్తాయి, వాటిలో చిక్కిన క్రోమియం తుప్పును ఆపడానికీ పనికిరాదు. మ్యాగ్నాకట్‌లో కర్బనాన్నీ, క్రోమియాన్నీ తగ్గించి, సన్నని వనాడియం, నియోబియం కార్బైడులు మాత్రమే మిగిలేలా చూశారు. అందువల్ల 10.7 శాతం క్రోమియంతోనే, దానికి రెట్టింపు ఉన్న ఉక్కులకు దీటుగా తుప్పును ఆపుతుంది. సెబెంజాలో ఇప్పుడు ఈ ఉక్కు దొరుకుతోంది. పారా మిలిటరీ 2లో కూడా కొన్ని రకాలు ఉన్నాయి.

అయితే ఉక్కు పేరు చూసి మురిసిపోకండి. అదే ఉక్కును ఒక తయారీదారు రాక్‌వెల్ కాఠిన్య కొలమానంలో 60 దగ్గర, మరొకరు 63 దగ్గర నిలిపితే చేతికొచ్చేవి రెండు వేర్వేరు చాకులు. కొనేముందు ఆ అంకె ఎంతో అడగండి. చెప్పడానికి వెనకాడేవారిని నేను నమ్మను.

ఇరుసు

సానరాయి గారు బ్లేడు గురించి చెప్పినదానితో నాకు పేచీ లేదు. కానీ ప్రశ్న అడిగినవారికి ప్రాణసంకటం తెచ్చినది లాక్ కాబట్టి దాని మీద కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి.

లైనర్ లాక్‌లో పిడి లోపలి పలుచని రేకు ఒకటి పక్కకు వంగి బ్లేడు మడమ (పిడిలోపల ఉండే బ్లేడు మొదలు) వెనక నిలబడుతుంది. 1980ల తొలినాళ్లలో మైకేల్ వాకర్ దానికి ఇప్పటి రూపం ఇచ్చారు. అది చెడ్డ లాక్ కాదు. చవకరకం చాకుల్లో రేకు పలుచగా ఉండటం, మడమ కోణం సరిగ్గా కుదరకపోవడమే దాని మీద అపనమ్మకానికి కారణం. 1987లో క్రిస్ రీవ్ సెబెంజాతో ఆ రేకు స్థానంలోకి పిడి పలకనే తెచ్చారు. టైటానియం పలకను పొడవునా చీల్చి, దానిలో ఒక భాగాన్నే కడ్డీగా వాడే ఈ ఏర్పాటునే ఇప్పుడు ఫ్రేమ్ లాక్ అంటున్నాం. ఇందులోని సుగుణం ఏమిటంటే, పనిలో పిడిని గట్టిగా పట్టుకున్నకొద్దీ అరచేయి ఆ కడ్డీని లోపలికే నొక్కుతుంది తప్ప బయటికి తోయదు.

దాని లోపం కూడా టైటానియంతోనే వచ్చింది. ఉక్కుతో ఒరిసినప్పుడు టైటానియం అతుక్కునే స్వభావం కలది. పైగా ఉక్కుకంటే మెత్తన. అందువల్ల కొత్త ఫ్రేమ్ లాక్ చాకుల్లో కడ్డీ మడమకు అంటుకుపోయి, తీయబోతే కిర్రుమనడం తరచుగా కనిపిస్తుంది. కొన్నేళ్లకు కడ్డీ అంచు అరిగి అవతలి పలక వైపు జరుగుతూ పోతుంది. దీనికి విరుగుడుగా ఎక్కువమంది కడ్డీ కొనకు ఉక్కు ముక్క బిగిస్తారు, కొందరు ఆ ముఖాన్ని కార్బైడుతో గట్టిపరుస్తారు. సెబెంజా 31లో కడ్డీ కొనలో ఒక సెరామిక్ గుండును పొదిగారు. మూసినప్పుడు బ్లేడును పట్టి ఉంచేదీ అదే, తెరిచినప్పుడు మడమకు ఆనేదీ అదే. ఆ ఏర్పాటు మొదట అదే సంస్థ చేసిన ఉమ్నుమ్జాన్ అనే చాకులో ఉండేది, 2019 చివర్లో సెబెంజాకు వచ్చింది. ఎక్స్‌ఎం-18లో మరొక జాగ్రత్త ఉంది. లాక్ తీసేటప్పుడు కడ్డీని మరీ బయటికి వంచేస్తే దాని స్ప్రింగు గుణం చచ్చిపోతుంది కనుక, అంతకు మించి కదలకుండా ఆపే బిళ్లను హిండరర్ దాని పక్కన అమర్చారు. చూడటానికి చిన్న బిళ్ల, కానీ ఇప్పుడు దాని పోలికలు ఎన్నో ఖరీదైన ఫ్రేమ్ లాక్ చాకుల్లో కనిపిస్తాయి.

పారా మిలిటరీ 2లోని కంప్రెషన్ లాక్‌ను చూస్తే లైనర్ లాక్‌ను తీసి వెన్ను వైపు పెట్టినట్టే కనిపిస్తుంది, నిజానికి పనితీరు వేరు. అక్కడ రేకు ముక్క బ్లేడు మడమకూ, అడ్డంగా బిగించిన ఉక్కు పిన్నుకూ మధ్యలోకి దూరుతుంది. బ్లేడు మూతపడబోతే ఆ ముక్క రెంటి మధ్య నలుగుతుంది తప్ప వంగదు. మూసేటప్పుడు వేళ్లు అంచు దారిలోకి రానవసరం లేకపోవడం మరో లాభం. తొడుగులు వేసుకుని పనిచేసేవారికి అది చిన్న విషయం కాదు.

ఆడమాస్‌లోది యాక్సిస్ లాక్. 1998లో బెంచ్‌మేడ్ 710 అనే చాకుతో బయటికి వచ్చింది. పిడి రెండు పలకల్లోని గాడుల మధ్య ఒక ఉక్కు కడ్డీ అడ్డంగా జరుగుతూ మడమ మీద చీలలా దిగుతుంది. దాన్ని ముందుకు తోసేవి రెండు సన్నని తీగ స్ప్రింగులు. విమర్శకులు ఎప్పుడూ ఆ స్ప్రింగుల వైపే వేలెత్తి చూపుతారు, అవి ఎప్పటికైనా విరగగలవన్న మాట నిజమే. కానీ ఒక పక్కది విరిగినా రెండోది కడ్డీని నిలబెడుతుంది; భారం మోసేది కడ్డీయే కానీ స్ప్రింగు కాదు.

బలం మాటకొస్తే, మీ మిత్రుడు చెప్పిన రీకన్ 1లోని ట్రై-యాడ్ లాక్ ముందు వీటిలో ఏదీ నిలవదని ఒప్పుకోవాలి. ఆండ్రూ డెమ్కో పాత బ్యాక్ లాక్‌ను (పిడి వెన్ను వైపు మీట బ్లేడును ఆపే రకం) తీసుకుని, బ్లేడుకూ, వెన్ను వైపు మీటకూ మధ్య ఒక ఆపు పిన్ను చేర్చారు. మీట తిరిగే రంధ్రాన్ని కొద్దిగా సాగదీసి ఉంచడంతో, భారం పడగానే మీట జరిగి ఆ పిన్నుకు ఆనుతుంది. మీట ఇరుసు మీద ఒత్తిడి పడదు, ముఖాలు అరిగినా పొందిక సడలదు. అంత బలం మీ పనికి అవసరమా అన్నది వేరే ప్రశ్న.

మరొక్క మాట. లాక్‌ను పరీక్షిస్తున్నామంటూ బ్లేడు వెన్నును బల్లకేసి కొట్టే అలవాటు కొందరికి ఉంది. ఆ అదురుకు మంచి కడ్డీ కూడా క్షణకాలం ఎగిరి జారవచ్చు. అలా కొట్టడం వల్ల తేలే విషయం తక్కువ, మడమకు జరిగే హాని ఎక్కువ. వేళ్లు అంచు దారిలో లేకుండా పిడిని పట్టుకుని, వెన్నును చెక్క దిమ్మకు ఆనించి, ఒత్తిడిని మెల్లమెల్లగా పెంచి చూడటం సరైన పద్ధతి. తర్వాత అదే ఒత్తిడిలో పిడిని కొంచెం ఇటూ అటూ మెలిపెట్టి కూడా చూడండి, ఎందుకంటే నేరుగా నొక్కితే నిలిచే లాక్‌లు కొన్ని మెలికకు వదిలేస్తాయి.

జేబుబరువు

ఇంతసేపూ మీరిద్దరూ చెప్పినదంతా సరైనదే అయినా, ఖరీదైన చాకుకు పెట్టే అదనపు సొమ్ములో కోతకు సంబంధించినది ఎంత అన్న ప్రశ్నకు మాత్రం సూటిగా జవాబు రాలేదు. నా అంచనా కఠినంగానే ఉంటుంది. పారా మిలిటరీ 2 స్థాయి దాటాక కోతలో వచ్చే తేడా స్వల్పం. ఆ పైన మీరు కొనేది పలకల మధ్య వెంట్రుక దూరని పొందిక, ఏళ్లు గడిచాక కూడా విడిభాగాలు ఇచ్చి బాగుచేసే సంస్థ, అమ్మితే పెద్దగా తగ్గని విలువ. ఇవి విలువైనవే, కాదనను. కానీ అట్టపెట్టెకు ఆ సంగతులు తెలియవు.

బరువు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. పారా మిలిటరీ 2 బరువు 110 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది, పెద్ద సెబెంజా సుమారు 135, ఎక్స్‌ఎం-18 సుమారు 160. కాగితం మీద యాభై గ్రాముల తేడాను ఎవరూ లెక్కచేయరు. పలుచటి ప్యాంటు జేబులో, మెట్లెక్కి దిగే రోజున, వంగి కూర్చున్నప్పుడు అది తొడకు తగులుతూనే ఉంటుంది. బరువని ఇంట్లో వదిలేసిన చాకు ఎంత గొప్పదైతేనేం.

ఇంకొకటి కూడా ఆలోచించండి. మడత చాకుకు ఎంత గొప్ప లాక్ ఉన్నా దాని మధ్యలో ఒక కీలు ఉంటుంది. రబ్బరు హోసూ, పీవీసీ గొట్టమూ వారంలో పలుమార్లు కోయవలసి వస్తే పనిముట్ల సంచిలో ఒక చిన్న స్థిర బ్లేడు కత్తిని ఒరలో పెట్టుకోండి, గొట్టానికైతే గొట్టాలు కత్తిరించే కటరే ఉంది. అప్పుడు జేబులోని చాకును సన్నగా, తేలిగ్గా ఎంచుకునే స్వేచ్ఛ వస్తుంది. లాక్ ఉన్న చాకులను, నిర్ణీత పొడవు దాటిన బ్లేడులను జేబులో పెట్టుకు తిరగడాన్ని కొన్ని చోట్ల చట్టం ఒప్పుకోదు కనుక కొనేముందు ఆ నిబంధన కూడా చూసుకోవడం మంచిది.

తీగలపని

ముగ్గురికీ కృతజ్ఞతలు. గొట్టానికి కటర్ సంచిలో పెట్టుకోవడం బాగుంది, ఆ పని అలాగే చేస్తాను. హోసుకు మాత్రం చాకు తప్పదు.

ముందే చెప్పవలసిన రెండు వివరాలు ఇప్పుడు చేరుస్తున్నాను. నాది ఎడమచేతి వాటం. ఇంతవరకు వాడినవన్నీ కుడిచేతివారి కోసం చేసిన లైనర్ లాక్‌లే కావడంతో, అదొక ఇబ్బందిగా కూడా లెక్కపెట్టకుండా అలవాటు పడిపోయాను. రెండోది, పని చేసే చోట సిమెంటు దుమ్ము, గోడ తొలిచిన పొడి విపరీతం. జేబులోంచి తీసిన చాకు మడతలో ఎప్పుడూ బూడిదరంగు పొర పేరుకుని ఉంటుంది. ఈ రెండింటి వల్ల మీ సలహా మారుతుందా?

ఇరుసు

బాగా మారుతుంది. కుడిచేతివారి ఫ్రేమ్ లాక్‌ను తీయడానికి బొటనవేలితో కడ్డీని అవతలికి నెడితే సరిపోతుంది. ఎడమచేతిలో పట్టుకుంటే అదే కడ్డీని బొటనవేలితో తనవైపుకు లాగాలి, లేదా చూపుడువేలిని బ్లేడు దారిలోకి తెచ్చి తోయాలి. శుభ్రమైన చేతులతో అది సాధ్యమే. తొడుగులతో, దుమ్ములో, తొందరలో అలాంటి విన్యాసాలు వద్దు. సెబెంజాను ఎడమచేతి వాటానికి కూడా తయారుచేస్తారు, పారా మిలిటరీ 2లోనూ ఎడమచేతి రకం ఉంది. అవి దొరికితే సరే. దొరకకపోతే రెండు చేతులకూ ఒకేలా పనిచేసే యాక్సిస్, ట్రై-యాడ్ లాక్‌ల వైపే చూడండి. యాక్సిస్ పేటెంటు గడువు ముగిశాక అదే సూత్రం మీద ఇతర సంస్థలు కూడా మంచి చాకులు చేస్తున్నాయి కాబట్టి ఎంపిక ఆడమాస్ ఒక్కదానితో ఆగనక్కరలేదు. ట్రై-యాడ్‌లో ఒక చిక్కు ఉంది. ఆ మీట స్ప్రింగు బిర్రుగా ఉంటుంది, ఒంటిచేత్తో మూయడానికి బొటనవేలి బలం బాగా కావాలి.

దుమ్ము విషయంలో నా అభిప్రాయం ఖండితమైనది. బేరింగులున్న చాకు వద్దు. బేరింగు గుండ్లు సన్నని గాడిలో దొర్లుతాయి, భారం ఆ గుండ్లు ఆనే చుక్కల మీదే పడుతుంది. సిమెంటు రేణువు ఒకటి ఆ గాడిలో చేరితే తెరిచిన ప్రతిసారీ కరకరమంటుంది, మెత్తని టైటానియం పలక మీద బేరింగు నేరుగా నడిచే చాకుల్లో గాడి కూడా పడుతుంది. ఫాస్ఫర్ బ్రాంజు వాషరు విశాలంగా ఆనుతుంది, దుమ్ము లోపలికి పోయేందుకు దారి తక్కువ, ఒకవేళ పోయినా ముద్దై బయటికి వస్తుంది. సెబెంజా, పారా మిలిటరీ 2, ఆడమాస్ మూడూ వాషర్ల మీదే నడుస్తాయి. ఎక్స్‌ఎం-18లో బేరింగులు కానీ, రెండు రకాల వాషర్లు కానీ మార్చుకునే వీలుంది.

పిడి నిర్మాణం కూడా చూడండి. వెన్ను వైపు మూసుకుపోయిన పిడిలో దుమ్ము గూడు కట్టుకుంటుంది. చిన్న స్తంభాల మీద నిలిచి అటూ ఇటూ తెరిచి ఉన్న పిడి అయితే కుళాయి కింద పెట్టి కడిగి, గాలి ఊది, ఇరుసు దగ్గర ఒక చుక్క నూనె వేస్తే పని ముగుస్తుంది.

సానరాయి

ఇరుసు గారి మాటలో సగమే ఒప్పుకుంటాను. ఆడమాస్ బలమైన చాకే, క్రూవేర్ నాకు ఇష్టమైన ఉక్కే. కానీ దాని బ్లేడు మందం, బరువు మళ్లీ మనల్ని మొదటి సమస్య దగ్గరికే తీసుకెళ్తాయి. హోసులో బిగిసేది అలాంటి బ్లేడే. చెమట పట్టే చేతులతో, రోజంతా దుమ్ములో ఉండేవారికి తుప్పు పట్టని ఉక్కు ఉండటం నా దృష్టిలో పెద్ద సౌకర్యం. అందుకని ఎడమచేతి సెబెంజా మ్యాగ్నాకట్‌తో దొరికితే అది నా మొదటి ఎంపిక, ఎడమచేతి పారా మిలిటరీ 2 రెండోది. ఈ రెండింటి మధ్య కోతలో ఉన్న తేడా కంటే పిడి తేడా ఎక్కువ. సెబెంజా పిడి నున్నని టైటానియం, నూనె చేతిలో జారుతుంది. పారా మిలిటరీ పిడి గరుకైన జీ10 (గాజుపీచు, రెసిన్ కలిపి చేసిన పలక), తడిలో పట్టు వదలదు, కానీ అదే గరుకు జేబు గుడ్డను ఆకురాయిలా అరగదీస్తుంది. తొడుగులు వేసుకుంటారు కాబట్టి పట్టుకే ఓటు వేయవచ్చు. వీలైతే రెంటినీ మీ తొడుగులతోనే చేతిలో పట్టుకుని చూశాక నిర్ణయించుకోండి.

ఏది కొన్నా సానరాయి గురించి ముందే ఆలోచించుకోవాలి. వనాడియం కార్బైడు కాఠిన్యం వికర్స్ కొలమానంలో దాదాపు 2800. మామూలు సానరాళ్లలో ఉండే అల్యూమినియం ఆక్సైడుది 2000 పైచిలుకు. రాయికంటే గట్టి రేణువులను ఆ రాయి అరగదీయలేదు, వాటి చుట్టూ ఉన్న ఉక్కును మాత్రమే తీసేస్తుంది. వనాడియం తక్కువగా ఉన్న ఉక్కుల్లో ఇది పెద్దగా తెలియదు. 9 శాతం వనాడియం ఉన్న ఎస్90వీ వంటి వాటిని మామూలు రాయి మీద రుద్దితే గంటలు గడుస్తాయి కానీ అంచు కుదరదు. మ్యాగ్నాకట్‌కు, ఎస్45వీఎన్ అనే మరో ఉక్కుకు సుమారు 600 గ్రిట్ (గరుకుదనాన్ని చెప్పే అంకె) వజ్రపు పలక ఒకటి చాలు. తాడు, పట్టీలు కోసే చాకుకు అద్దంలాంటి నునుపు పనికిరాదు. కొంచెం గరుకు మిగిల్చిన అంచే నైలాన్‌ను పట్టి కోస్తుంది. సాన పట్టేముందు వాలు మీద మార్కరు పెన్నుతో గీసి రెండుసార్లు రుద్ది చూడండి. సిరా అంచు దాకా చెరిగితే కోణం కుదిరినట్టు, భుజం దగ్గరే (వాలు పైకొన దగ్గర) చెరిగితే చాకును ఇంకొంచెం లేపాలి.

ఇరుసు

ఆ మార్కరు పెన్నే లాక్‌కూ పనికొస్తుంది. చాకు చేతికి రాగానే బ్లేడు మడమ మీద లాక్ ఆనే ముఖానికి సిరా పూసి, మామూలుగా కొన్నిసార్లు తెరిచి మూసి, వెలుతురులో చూడండి. ఫ్రేమ్ లాక్ అయితే సిరా చెరిగిన గుర్తు ఇరుసుకు దూరంగా, ముఖం అడుగు భాగంలో ఉండాలి. ఇరుసుకు దగ్గరగా, పైభాగంలో మాత్రమే చెరిగితే ఆ పొందిక సరిగా లేనట్టే; బ్లేడు నిలువునా ఊగుతుంది, అలాంటిదాన్ని వాడకుండానే వెనక్కి పంపండి. సెబెంజా 31లో గుండు ఆనే చోట ఒకే చుక్కలాంటి గుర్తు పడుతుంది, దానికి కంగారు పడనక్కరలేదు.

విప్పి శుభ్రం చేయడం గురించి కూడా అడగబోతారని ఊహిస్తున్నాను. సెబెంజాతో పాటే దాన్ని విప్పే పనిముట్లు ఇస్తారు, విప్పమనే ఉద్దేశంతోనే. కొందరు తయారీదారులు మాత్రం విప్పితే హామీ చెల్లదంటారు, కాబట్టి ముందు ఆ షరతు చదవండి. ఇరుసు మరకు నీలిరంగు థ్రెడ్‌లాకర్ (మర వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) కొనమీద అతి కొద్దిగా పెడితే చాలు. ఎక్కువైతే అది వాషరులోకి దిగి బ్లేడు కదలికను పట్టేస్తుంది. మర గట్టిగా ఉంటే బలవంతం చేయకుండా టంకం వేసే ఇనుమును తలకు ఆనించి కాసేపు వేడి చేయండి, జిగురు మెత్తబడి మర తల చెడకుండా వస్తుంది. మీ వృత్తిలో ఆ ఇనుము ఎలాగూ సంచిలో ఉంటుంది.